ఉత్త చేతులతో ఎలా వెళ్తాం?

2025 ఫిబ్రవరి ఆఖర్లో ఒక రాత్రి తిరువూరు నుంచి అమ్మ ఫోన్ చేసింది. రోజూ తొమ్మిదింటికి చేసే మనిషి పదిన్నరకి చేసేసరికి భయపడుతూనే ఎత్తాను.

"మీ సిస్టర్ గారు మళ్ళీ మన ఊరు వచ్చారంట," అంది.

"ఏ సిస్టర్?"

"ఎంతమంది ఉన్నారే నీకు? కాన్వెంటు సిస్టరు. వాళ్ళ ఆయా పాలకేంద్రం దగ్గర కనబడి చెప్పింది. బాగా పెద్దావిడైపోయారంట. మోకాళ్ళు రావట్లేదంట. కొన్నాళ్ళు ఇక్కడ ఉంచి, తర్వాత ముసలి సిస్టర్లు ఉండే చోటికి పంపిస్తారంట."

కాసేపు నాకు మాట రాలేదు. నేను పదో తరగతి పాసైన ఏడాది, 2006లో, ఆవిడకి బదిలీ అయింది. ఎక్కడికో కూడా నేను కనుక్కోలేదు. ఇంటర్, ఇంజినీరింగ్, హైదరాబాద్, ఉద్యోగం, ఈఎంఐలు. మధ్యలో ఎప్పుడైనా ఆవిడ గుర్తొస్తే, "ఒకసారి వెళ్ళాలి" అనుకుని పక్కకి పెట్టేసేదాన్ని. అలా పంతొమ్మిదేళ్ళు పెట్టాను.

"వచ్చే వారం వస్తానమ్మా. వెళ్ళి కలుస్తాను."

"కలవక? అది సరే, ఏం పట్టుకెళ్తావు? ఉత్త చేతుల్తో పోతావా?"

అక్కడ ఇద్దరం ఆగిపోయాం.

మనకి ఉత్త చేతులతో వెళ్ళకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. గుడికి, గురువు దగ్గరికి, పసిబిడ్డ ఉన్న ఇంటికి, కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి, ఒంట్లో బాగాలేని వాళ్ళ దగ్గరికి. ఎక్కడికి ఏం పట్టుకెళ్ళాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, వచ్చేస్తుంది. మనకి మేలు చేసిన ఆడమనిషికైతే ఆలోచించే పనే లేదు. చీర పెడతాం. బొట్టు పెట్టి, పసుపు కుంకుమతో, రవికల గుడ్డతో, పైన రెండు పళ్ళు పెట్టి చేతికిస్తాం. అమ్మా నేనూ ఫోన్లో ఆ జాబితా మొదలుపెట్టాం. ఒక్కొక్కటే రాలిపోతూ వచ్చింది. బొట్టు పెట్టలేం. పసుపు కుంకుమ ఇవ్వలేం. పూలు పెట్టుకోరు. గాజులు వేసుకోరు. వెండి కుందులు ఏం చేసుకుంటారు? కవర్లో డబ్బు పెట్టి ఇద్దామంటే, ఆ మాట నా నోటి నుంచి రాగానే నాకే ఏదోలా అనిపించింది. ఆవిడ నాకు చేసినదాన్ని వడ్డీతో తీర్చేసి రసీదు అడుగుతున్నట్టు.

"పోనీ హార్లిక్స్?" అంది అమ్మ. ఆవిడకి షుగర్ ఉందో లేదో మాకు తెలీదు. ఆ మాటకొస్తే ఆవిడ గురించి మాకు ఏదీ తెలీదు.

*

కాన్వెంటు అనే మాటని మనం ఎంత వాడేశామంటే, దాని అర్థం అరిగిపోయింది. నా చిన్నప్పుడు మా ఊళ్ళో కాన్వెంటు అంటే టై కట్టుకుని వెళ్ళే బడి. గేటు మీద సరస్వతీదేవి బొమ్మ ఉన్న బడి కూడా కాన్వెంటే. "మావాడు కాన్వెంటులో చదువుతున్నాడు" అంటే ఇంగ్లీషు మీడియం అని, ఫీజు గట్టిగానే ఉంటుందని, అంతే. ఆ మాటకి అసలు అర్థం సన్యసించిన ఆడవాళ్ళు కలిసి ఉండే ఇల్లు అని నాకు తొమ్మిదో తరగతి దాకా తెలీదు.

నిజానికి వాళ్ళు మన వైపుకి వచ్చి చాలా కాలమైంది. ఇటలీలోని టూరిన్ నుంచి సెయింట్ ఆన్స్ సిస్టర్లు 1871లో సికింద్రాబాద్ వచ్చారు. నెదర్లాండ్స్ నుంచి జేఎంజే సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. ఆ జేఎంజే సభలో చేరడానికే 1920లో మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టర్ మెల్‌బోర్న్‌లో బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి గుంటూరు వచ్చింది. సిస్టర్ అయ్యాక కూడా వైద్యం చేసింది. 1943లో దేశంలోని కాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం పెట్టింది. వేలమందికి మందిచ్చిన ఆ డాక్టరుకి రోగులెవరైనా కృతజ్ఞతగా పది రూపాయలిచ్చినా, అది ఆవిడ సొంతం అయ్యే వీల్లేదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలిసుంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదేమో.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఆ బొమ్మ తెలిసిందే. ముందు చర్చి, పక్కన బడి, వెనకాల వేపచెట్ల నీడలో సిస్టర్ల ఇల్లు. మా ఊళ్ళోదీ అంతే. మేం వెంకటేశ్వరస్వామి ఫోటోకి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. బడి దాకా వెళ్ళేదాన్ని గానీ, వెనకాల ఇంటిదాకా వెళ్ళే పని నాకు 2005 వేసవి దాకా పడలేదు.

ఆ ఏడాది నాన్న పూత చూసి ఒక మామిడితోట గుత్తకి తీసుకున్నాడు. తిరువూరు, విస్సన్నపేట, నూజివీడు వైపు ఇది పాత జూదమే. పూత మీద బేరం కుదుర్చుకుంటారు, కాయ దిగేదాకా మబ్బు చూస్తూ కూర్చుంటారు. ఏప్రిల్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. పొద్దున్న మేం వెళ్ళేసరికి చెట్ల మీద ఉన్నదానికంటే చెట్ల కింద ఎక్కువ ఉంది. రాలిన పచ్చికాయని ఆవకాయ వాళ్ళకి వచ్చినకాడికి అమ్మాడు. పదిరోజుల తర్వాత, అప్పులవాళ్ళకి మొహం చూపించలేక, సత్తుపల్లి వైపు ఎవరిదో లారీ మీద క్లీనరుగా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇల్లు చేరడానికి ఎనిమిది నెలలు పట్టింది.

తొమ్మిదో తరగతి ఫీజే సగం బాకీ. పదోది కట్టే దారే లేదు. జూన్‌లో బడి తెరిచిన రోజు అమ్మ నాతో గేటు దాకా వచ్చింది, లోపలికి వచ్చి అడుగుతానంది, గేటు దగ్గరే నిలబడిపోయింది. అరగంట నిలబడి ఇంటికెళ్ళిపోయింది. నేనే లెక్కల సిస్టర్ దగ్గరికి వెళ్ళి టీసీ ఇప్పించమని అడిగాను. ఎందుకు అనలేదు ఆవిడ. "రేపు రా," అన్నారు. మూడో రోజున పిలిచి, "ఫీజు సంగతి చూశాం. నువ్వు లెక్కలు చూసుకో," అన్నారు. అంతే. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఏమీ చెప్పలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం బడి అయ్యాక బోర్డింగు పిల్లలతో పాటు ఎనిమిదింటిదాకా సిస్టర్ల ఇంటి వరండాలో కూర్చుని చదివేదాన్ని.

ఆ వరండాలో తడిగుడ్డ చుట్టిన పెద్ద కుండ ఉండేది. దాని మీద ఒకటే స్టీలు గ్లాసు. సిస్టర్లూ, ఆయా, బోర్డింగు పిల్లలూ, నేనూ అందరం అదే గ్లాసుతో తాగేవాళ్ళం. బోర్డింగు పిల్లలు ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ మాలపల్లెల నుంచి, మాదిగపేటల నుంచి వచ్చినవాళ్ళు. మా నాయనమ్మ రోజూ రాత్రి ఒకటే అడిగేది: "అక్కడ మంచినీళ్ళు తాగుతున్నావా?" లేదు అని రోజూ అబద్ధం చెప్పేదాన్ని. "మతంలో కలిపేసుకుంటారు చూసుకో" అని ఎదురింటివాళ్ళు అమ్మని బెదిరించారు. ఏడింటికి పిల్లలందరూ జపమాల చెప్పుకుంటుంటే సిస్టర్ నా ముందు మరో పేజీ లెక్కలు పెట్టి వెళ్ళేవారు. ఆవిడ నన్ను కలుపుకున్నది అందులోనే.

*

మా ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది, విజయవాడ గుణదల కొండ కింద పుట్టి పెరిగింది. ఫిబ్రవరిలో మరియమాత తిరునాళ్ళకి సెలవు పెట్టి మరీ వెళ్తుంది. సలహా అడిగాను. నేను చెప్పిన ప్రతిదాన్నీ నవ్వుతూ కొట్టిపారేసింది.

స్వీట్లు వద్దు. మార్చి 5 విభూది బుధవారం. అక్కడి నుంచి ఈస్టర్ దాకా తపస్సుకాలం. "నువ్వు బందరు లడ్డూ తీసుకెళ్తే ఏప్రిల్ 20 దాకా దాన్ని చూస్తూ కూర్చుంటారు పాపం." జపమాల, మరియమాత బొమ్మ? "వాళ్ళింట్లో అవి లేకనా?" పోనీ ఆవిడ పేరు మీద చర్చిలో పూజ చెప్పిస్తే? "చెప్పించొచ్చు. సంతోషిస్తారు కూడా. కానీ ఆ డబ్బు ఫాదర్‌కి వెళ్తుంది. నీకు నమ్మకం లేకుండా చెప్పించడం నీకే బాగుండదు." మరి ఏం చెయ్యమంటావే అంటే, "ఆ ఇంటి పెద్ద సిస్టర్‌కి, సుపీరియర్ అంటారు, ఫోన్ చేసి ఏం కావాలో అడుగు," అంది.

ఆ పని మాత్రం చెయ్యలేకపోయాను. ఏం తెమ్మంటారు అని అడగడమంటే ఇవ్వడం ఇష్టం లేదని చెప్పడమే మా ఇంట్లో. అడిగినా అవతలివాళ్ళు "అయ్యో, ఏమీ వద్దండీ" అనాలి. లేకపోతే మర్యాద కాదు.

మా టీమ్‌లో మనీలా అమ్మాయి ఒకతి ఉంది. మాటల్లో ఈ గొడవంతా చెబితే, వాళ్ళ దగ్గర పెళ్ళికి ముందు సెయింట్ క్లేర్ మఠానికి కోడిగుడ్లు పట్టుకెళ్తారంది. పెళ్ళిరోజు వాన పడకుండా సిస్టర్లు ప్రార్థన చేస్తారట. స్పెయిన్ నుంచి వచ్చిన అలవాటట. నాకు వెంటనే మా నాన్న, గాలివాన గుర్తొచ్చాయి. రెండు డజన్ల గుడ్లతో పోయేదా మా ఇంటి అప్పు!

చివరికి మా అలవాటే గెలిచింది. చీరే కొందామనుకున్నాను. సిస్టర్లూ కట్టుకునేది చీరే కదా. దారిలో విజయవాడలో దిగి వన్‌టౌన్ వస్త్రలతకి వెళ్ళాను. జరీ వద్దు, బుటా వద్దు, పెద్ద అంచు వద్దు అంటుంటే కొట్టతను విసుక్కున్నాడు. "ఎవరికండీ?" సిస్టర్‌కి అన్నాను. అక్కకి అనుకున్నాడు. మళ్ళీ చెప్పాక, "మదర్ థెరిసా చీరా? అట్టా చెప్పండి," అని తెల్లచీర మీద మూడు నీలం గీతలున్నది తీశాడు. అది వేరే సభ వాళ్ళది. ఆ చీరలు టిటాగఢ్‌లో కుష్టువ్యాధి వచ్చినవాళ్ళు నేస్తారని, ఆ మూడు గీతల నమూనా 2016లో ట్రేడ్‌మార్కుగా కూడా నమోదైందని తర్వాత చదివాను. మా సిస్టర్‌ది ఏ రంగో గుర్తు తెచ్చుకోవడానికి ఆ కొట్లో నిలబడి కళ్ళు మూసుకున్నాను. కుండ కనిపించింది. గ్లాసు కనిపించింది. బోర్డు మీద సుద్దముక్కతో వృత్తం గీస్తున్న చెయ్యి కనిపించింది. చీర రంగు కనిపించలేదు. మీగడ రంగు నూలు చీర ఒకటి, సన్న గోధుమ అంచుది, తీసుకున్నాను.

*

మార్చి 8, శనివారం. మైలవరం దాటాక రెండువైపులా మామిడితోటలు పిందె మీద ఉన్నాయి. అమ్మని రమ్మన్నాను. "నువ్వెళ్ళి రా, నాకు పనుంది," అంది. ఏ పనీ లేదని ఇద్దరికీ తెలుసు.

వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో కూర్చోబెట్టారు. సిస్టర్ వాకర్ పట్టుకుని వచ్చారు. నేను లేచి, నా పేరు చెప్పి, ఏ బ్యాచో చెప్పి, ఇంకా చెప్పబోతుంటే, "ఆరొందలకి ఐదొందల ఇరవై ఒకటి," అన్నారు. పేరు గుర్తులేదట. మార్కులు గుర్తున్నాయి. "లెక్కల్లో మూడు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు."

నేను చీర తీసి రెండు చేతులతో ఇచ్చాను. తీసుకున్నారు. వేళ్ళతో గుడ్డ తడిమి, "మంచి నూలు," అన్నారు. మరుక్షణం పక్కనున్న సుపీరియర్ చేతికిచ్చేశారు. ఆవిడకి నా వయసే ఉంటుంది. ఆవిడ థాంక్స్ చెప్పి, ఒక పుస్తకంలో ఏదో రాసుకుని, చీర లోపలికి తీసుకెళ్ళిపోయారు. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు. వస్త్రలతలో గంటన్నర నిలబడింది అందుకా అనిపించింది. ఆ తర్వాత సిస్టర్ ఏం అడిగారో, నేనేం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. ప్రార్థన గంట కొట్టారు. వచ్చేశాను.

"కట్టుకుంటానన్నారా?" అంది అమ్మ.

"లోపల పెట్టించారు."

ఈస్టర్ అయిన మర్నాడు అమ్మ ఫోన్. "నీ చీర వాళ్ళ ఆయా కట్టుకుందే! నిన్న చర్చికి కట్టుకొచ్చింది. ఎంత బావుందో ఆమెకి."

నాకు కోపమొచ్చింది. అబద్ధం ఎందుకు, చాలా కోపమొచ్చింది. ఆయా మీద కాదు. పంతొమ్మిదేళ్ళ తర్వాత వెళ్ళి ఇచ్చినదాన్ని ఆవిడ తన దగ్గర ఉంచుకోలేదని.

గుణదల అమ్మాయి దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఈసారి నవ్వలేదు. "ఆవిడ ఉంచుకోవాలనుకున్నా ఉంచుకోలేదే. పేదరికం వ్రతం తీసుకున్నారు కదా," అంది. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఈ మూడూ నాకు మాటలుగా తెలుసు. అవి ఇంట్లో ఎలా పనిచేస్తాయో తెలీదు. ఆ తర్వాత కొన్నాళ్ళు చదివాను. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే ఇటలీ సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో కానుకల మీదే ఒక అధ్యాయం ఉంది, 54వది. కన్న తల్లిదండ్రులు పంపినా సరే, మఠం పెద్దకి చెప్పకుండా తీసుకోకూడదు. పెద్ద దాన్ని ఇంకొకరికి ఇవ్వచ్చు. ఇస్తే, ఎవరికోసం వచ్చిందో ఆ మనిషి నొచ్చుకోకూడదు. మా సిస్టర్ బెనెడిక్ట్ సభ మనిషి కాదు. కానీ 1983 నాటి కాథలిక్ చర్చి చట్టంలో 668వ నిబంధన చెప్పేదీ దాదాపు అదే: సభలో ఉన్న మనిషి తన కష్టంతో సంపాదించినా, సభ మనిషి అయినందుకు ఎవరైనా ఇచ్చినా, అది సభకే చెందుతుంది. అందుకే ఆ పుస్తకంలో రాసుకోవడం.

నియమం అర్థమైంది. బాధ పోలేదు. అది కాస్త తగ్గింది మజ్ఝిమ నికాయంలోని ఒక పాత బౌద్ధ కథ దగ్గర. బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాప్రజాపతి గోతమి తన చేత్తో వడికి, నేసి, ఒక జత బట్టలు తెచ్చి ఆయన్ని తీసుకోమంటుంది. సంఘానికివ్వమ్మా అంటాడాయన. సంఘానికిస్తే నాకూ సంఘానికీ కూడా ఇచ్చినట్టే అంటాడు. ఆవిడ మళ్ళీ అడుగుతుంది. మూడోసారీ అడుగుతుంది. పక్కనున్న ఆనందుడికే మనసు ఆగదు. ఈవిడ నీకు పాలిచ్చి పెంచింది కదయ్యా, తీసుకో అంటాడు. ఆ మూడోసారి అడగడం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆవిడకి సంఘం తెలీక కాదు. పెంచిన పిల్లాడి ఒంటి మీద తను నేసిన గుడ్డ చూసుకోవాలని ఉంది. నేను కొట్లో కళ్ళు మూసుకున్నప్పుడు చూడాలనుకున్నదీ అదే.

*

"తినేది పట్టుకెళ్ళు. దాచుకునేది పట్టుకెళితే ఇట్టాగే అవుద్ది," అంది అమ్మ మేలో. రసాలు వచ్చేశాయి.

ఈసారి సిగ్గు చంపుకుని సుపీరియర్‌కి ఫోన్ చేశాను. ఎంతమంది ఉంటారు సిస్టర్ అని అడిగాను. "మేం అయిదుగురం. సెలవులకి ఇంటికి వెళ్ళలేని పిల్లలు ఆరుగురు. ఆయా, వాచ్‌మన్. పదమూడు," అన్నారు. ఇంకేమైనా కావాలా అని, 'అయ్యో ఏమీ వద్దమ్మా' కోసం ఆగాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందమ్మా. రాత్రి కరెంటు పోతే పెద్ద సిస్టర్ గదిలో ఫ్యాను ఆగిపోతోంది. ఆవిడ లేచి బయటికి రాలేరు. వీలైతే అది చూడు. వీలుకాకపోతే పళ్ళు చాలు."

అలా అడిగేవాళ్ళని నేను అంతకుముందు చూడలేదు. అందులో మొహమాటం లేదు, దీనత్వం లేదు. కిరాణా కొట్లో చీటీ చదివినట్టు చెప్పారు. బ్యాటరీ ఊళ్ళోనే కొని ముందురోజే బిగించేలా మాట్లాడాను. ఆదివారం పొద్దున్న రెండు బుట్టల చిన్న రసాలతో ఆటో ఎక్కుతుంటే అమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "జరుగు," అని ఎక్కి కూర్చుంది. నేనేం మాట్లాడలేదు.

హాల్లో పోప్ ఫ్రాన్సిస్ ఫోటోకి పూలదండ ఉంది, ఆయన ఏప్రిల్ 21న పోయారు. దాని కింద అదే కుండ స్థానంలో స్టాండు మీద ఏదో మొక్క. ఆయా ట్రేలో గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. చల్లటి నీళ్ళు, గ్లాసు బయట చెమట పట్టి ఉంది. అమ్మ గ్లాసు తీసుకుంది. నేను తల తిప్పేసుకున్నాను. తిప్పి చూసేసరికి గ్లాసు ఖాళీ. "ఇంకాసిని పొయ్యమ్మా," అంటోంది ఆయాతో.

సిస్టర్ వచ్చి కూర్చున్నారు. అమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. ఇరవై ఏళ్ళుగా చెప్పాలనుకున్నదేదో చెప్పబోయి, "మీరు ఆరోజు ఫీజు కట్టకపోతే మా పిల్ల..." దాకా వచ్చి ఆగిపోయింది.

"నేను కట్టానని ఎవరు చెప్పారు?" అన్నారు సిస్టర్. నిజంగానే ఆశ్చర్యపోయారు. "నా దగ్గర డబ్బెక్కడిదమ్మా? నాకు బస్సు ఛార్జీ కావాలన్నా ఇంట్లో అడిగి తీసుకోవాలి."

అప్పుడు చెప్పారు. ఆ ఏడాది వాళ్ళ ఇంటికి ఫ్రిజ్ కొనుక్కోవడానికి డబ్బు మంజూరయింది. ఇంట్లో నలుగురు సిస్టర్లు. నేను టీసీ అడిగిన రాత్రి భోజనాల దగ్గర ఈవిడ విషయం పెట్టారు. ఇద్దరు సరే అన్నారు. ఒకావిడ ఒప్పుకోలేదు. "ప్రతి పిల్లకీ ఇలా ఇస్తే ఇల్లు నడవదు అంది. తప్పేం అనలేదు. ఆవిడే లెక్కలు చూసేది. మర్నాడు రాత్రి ఆవిడే మళ్ళీ ఎత్తింది. ఫ్రిజ్ లేకపోతే చచ్చిపోం కదా అంది. ప్రొవిన్షియల్‌కి ఉత్తరం రాసి అనుమతి తెప్పించుకున్నాం. ఇంకో రెండు ఎండాకాలాలు కుండ నీళ్ళు తాగాం. అంతేగా."

ఫీజు సంగతి చూశాం. ఆవిడ "చూశాను" అనలేదు. ఆ రోజు కూడా "చూశాం" అనే అన్నారు. పెద్దవాళ్ళు, బడివాళ్ళు అలాగే మాట్లాడతారు కదా అని నేను ఆ బహువచనాన్ని పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళు ఒక్క మనిషికి బాకీ ఉన్నాననుకున్నాను. ఆ కుండ సిస్టర్లకి ఇష్టమై పెట్టుకున్నదనుకున్నాను. ఆడంబరం లేకుండా ఉంటారు కాబట్టి అని ఎవరితోనో గొప్పగా చెప్పిన గుర్తు కూడా ఉంది. ఆ కుండలోంచి నేను తాగి, ఇంటికెళ్ళి తాగలేదని చెప్పిన నీళ్ళు...

చీర సుపీరియర్ చేతికి ఎందుకు వెళ్ళిందో నాకు నియమాల పుస్తకాలు చెప్పలేనిది అక్కడ తెలిసింది. ఆవిడ నాకిచ్చినదీ ఆవిడది కాదు. నలుగురు కూర్చుని మాట్లాడుకుని ఇచ్చింది నలుగురికీ కాక ఎవరికి తిరిగి వెళ్ళాలి?

"మిగతా ముగ్గురూ ఎక్కడున్నారు సిస్టర్?"

"ఒకావిడ ఒరిస్సాలో. ఒకావిడకి ఇప్పుడు ఏమీ గుర్తులేదు. ఒప్పుకోనావిడ 2019లో పోయింది. నీ మార్కులు పేపర్లో చూసి అందరికంటే ఎక్కువ గంతులేసింది ఆవిడే."

నేను ఉండబట్టలేక, "నేను మీకో ఫ్రిజ్ కొనిస్తాను సిస్టర్," అనేశాను.

సుపీరియర్ ఫక్కున నవ్వారు. "ఉందమ్మా, రెండున్నాయి. ఇందాక తాగిన నీళ్ళు ఎక్కడివనుకున్నావు?"

అందరం నవ్వాం. అమ్మ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆరోజు గేటు దాకా వచ్చానండీ. అడగడానికి నోరు రాలేదు."

"చూశాను కదమ్మా వరండాలోంచి," అన్నారు సిస్టర్. "మీ కోసం మీరు అడగాలంటే కష్టం. నాకేం సిగ్గు, నాకోసం కాదుగా!"

పళ్ళు అప్పుడే తిన్నాం. పదమూడుగురూ, మేమిద్దరం. చిన్న రసం కోసుకు తినేది కాదు. చేత్తో పిసికి, ముచ్చిక తీసి, నోట్లో పెట్టుకుని పీల్చాల్సిందే. సిస్టర్లూ పిల్లలూ మోచేతుల దాకా రసం కార్చుకుంటూ వరుసగా వరండాలో కూర్చున్నారు. ఒక పిల్ల టెంకెని తెల్లగా అయ్యేదాకా చీకి ఇంకోటి తీసుకోవచ్చా అని కళ్ళతోనే సుపీరియర్‌ని అడిగింది. ఎవరి పేరు మీద ఎన్ని తెచ్చామో ఎవరూ పుస్తకంలో రాసుకోలేదు. రాయడానికి ఏమీ మిగల్లేదు.

బయల్దేరుతుంటే ఆయా బుట్టలు తెచ్చిచ్చింది. బరువుగా ఉన్నాయి. ఒకదాన్నిండా మునక్కాయలు, రెండోదాన్లో కరివేపాకు, పైన నాలుగు నిమ్మకాయలు. మనకి ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపే అలవాటు లేదు కదా. వాళ్ళకీ లేదు.

ఆటోలో అమ్మ మునక్కాయలు లెక్కపెట్టింది. ఇరవై రెండు. ఎదురింటికి ఆరు, పక్కింటికి నాలుగు అని పంపకాలు కూడా చేసేసింది. సెంటర్ దాటాక నావైపు తిరిగి అడిగింది:

"మళ్ళీ వచ్చేటప్పుడు వీటికేం పట్టుకెళ్దామే?"